శ్లాబు మీద పెయింటు కొట్టేస్తే ఉరవడం ఆగుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. చీపురుపల్లి దగ్గర పల్లెలో అమ్మగారు ఒక్కరే ఉంటున్నారు, మీరు బెంగళూరులో ఉన్నారు. ఇంటి ముందు భాగం ఇరవై ఏళ్లు దాటిన శ్లాబు, వెనక తాతల నాటి పెంకుటిల్లు. కిందటేడు వానల్లో ఆ రెండూ కలిసే గోడ పైనుంచి కిందిదాకా తడిసింది, హాల్లో ఫ్యాను కొక్కెం దగ్గర చుక్కలు పడ్డాయి. మేస్త్రి వచ్చి చూసి, శ్లాబు మొత్తం వాటర్ ప్రూఫ్ పెయింటు రెండు కోట్లు కొట్టేద్దాం, వెనక పెంకు దింపేసి రేకులు వేసేద్దాం అంటున్నాడు. మృగశిర లోపు అయిపోతుందా, అసలు అది సరిపోతుందా అని అడిగారు.

సరిపోదు. పెయింటు అన్నిటికన్నా చివర చేసే పని. ముందు శ్లాబు మీద నీళ్లు నిలవకుండా చూడాలి, తర్వాత పిట్టగోడ శ్లాబుని కలిసే అడుగు భాగం, పగుళ్లు, గొట్టం మూతులు బాగు చేయాలి, అవి ఆరాకే కోటింగు మాట. పెంకు దింపక్కర్లేదు, వాసాలు గట్టిగా ఉంటే ఒకసారి నేయిస్తే, అంటే పెంకులు తీసి దులిపి మళ్లీ పేర్పిస్తే చాలు. మీరు పెట్టిన ఫోటోలో నాకు కనబడిన ఇంకో సంగతి ఉంది. శ్లాబు నీళ్లు దింపే గొట్టం మూతి వెనక పెంకుల మీదికి తిరిగి ఉంది. అంటే ముందు భాగం వాన మొత్తం ఆ ఒక్క మూల పెంకుల మీద కుమ్మరిస్తోంది. ఎంత బాగా నేసిన పెంకైనా దాని మీద పడే వానను మోస్తుంది కానీ పక్క శ్లాబు వానను కూడా మొయ్యలేదు. ఆ గొట్టాన్ని పక్కకు తిప్పి నేలదాకా దింపించండి, ఒక ప్లంబరుకి అరపూట పని. గోడ తడవడంలో పెద్ద వాటా దానిదేనని నా అంచనా.

నేను శ్రీకాకుళం, రాజాం, చీపురుపల్లి, విజయనగరం వైపు ఇళ్ల పనులు చేయిస్తుంటాను, ఏటా మే నెల వచ్చేసరికి నా ఫోనుకి వచ్చేవన్నీ ఇవే కాల్స్. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, మీలాగే దూరంగా ఉండి ఫోన్లో పని చేయించుకునేవాళ్లకి పనికొస్తుందని.

ముందు టైము సంగతి. మన జిల్లాలకి నైరుతి మామూలుగా జూన్ రెండో వారానికి వచ్చేస్తుంది, మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో మొదలవుతుంది కాబట్టి మన పెద్దల లెక్క కూడా అదే. కానీ మే నెలలోనే సాయంత్రం పూట గాలివానలు పడతాయి, అది మర్చిపోతారు. సిమెంటుతో చేసే ఏ మరమ్మతుకైనా ఒక వారం గోనె పట్టాలు తడిపి ఉంచాలి, ఆ తర్వాత బాగా ఆరాలి, దాని మీదే కోటింగు. వెనక్కి లెక్కేసుకుంటే ఈ పని మే మొదటి వారంలో మొదలుపెట్టాల్సింది. ఇప్పుడు రోహిణి కార్తెలో ఉన్నాం కాబట్టి నా సలహా, గొట్టాలు, పగుళ్లు, పెంకు ఈ మూడూ ఇప్పుడు చేయించేయండి, కోటింగు మాత్రం టైము చాలకపోతే తొందరపడకండి. మధ్యలో మంచి ఎండ దొరికితే అప్పుడు వేయించవచ్చు, లేదంటే వచ్చే ఏడాది మార్చిలో. తడి శ్లాబు మీద హడావిడిగా కొట్టిన పెయింటు కన్నా కొట్టని శ్లాబే నయం, ఎందుకంటే లోపలి చెమ్మ ఎండకి ఆవిరై పైకి రావాలని చూస్తుంది, పైన పొర అడ్డం, దాంతో బుడగలు లేచి అప్పడాల్లా ఊడొస్తుంది. ఊడిన పెయింటు గీకించడానికి మళ్లీ కూలీ.

శ్లాబు ఆరిందో లేదో తెలుసుకోడానికి మీటర్లేమీ అక్కర్లేదు. రెండడుగుల పాలిథిన్ ముక్క సాయంత్రం శ్లాబు మీద పరిచి నాలుగు అంచులూ గాలి పోకుండా టేపుతో అంటించి వదిలేయమనండి. మర్నాడు పొద్దున్న ఎత్తి చూస్తే అడుగున నీటి బిందువులు ఉన్నా, కింద శ్లాబు రంగు ముదిరి ఉన్నా ఇంకా లోపల తడి ఉన్నట్టే. నీడ పడే మూలలో ఒకటి, మధ్యలో ఒకటి పెట్టమనండి, ఒక్క చోట చూస్తే మోసపోతాం.

ఇక శ్లాబు మీద. మొట్టమొదట అక్కడున్న సామాను దింపించండి. మన దగ్గర డాబా అంటే సగం సామాన్ల గది, కొబ్బరి డొక్కలు, విరిగిన మంచం, మిగిలిపోయిన టైల్సు, ఎవరో పెట్టి మర్చిపోయిన తులసి కుండీలు. ఆ కుండీల కింద ఎప్పుడూ తడే, అక్కడే పాచి, అక్కడే మొదటి పగులు. అన్నీ తీశాక బాగా ఊడ్పించి, వైరు బ్రష్షుతో పాచి గీకించి కడిగించండి. వైరు బ్రష్షు మాట సిమెంటు శ్లాబుకే, ఆస్‌బెస్టాస్ రేకుల మీద పొడిగా రుద్దించకండి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు.

తర్వాత నాలుగైదు బకెట్ల నీళ్లు ఎత్తుగా ఉన్న వైపు నుంచి పోయించి అవి ఎటు పోతున్నాయో వీడియో తీయమనండి. ఆగిన చోటల్లా సుద్దముక్కతో గీత గీయించండి. శ్లాబుకి వాటం పది అడుగులకి కనీసం ఒకటింపావు అంగుళం ఉండాలి, పాత ఇళ్లలో చాలాచోట్ల అది ఉండదు, ఉన్నా మధ్యలో గుంటలుంటాయి. రెండు రోజులైనా ఆరని గుంట ఉంటే దాని మీద ఏ కంపెనీ కోటింగైనా ఎక్కువకాలం నిలవదు. మామూలు యాక్రిలిక్ కోటింగులైతే నిలవ నీటికి పనికిరావని డబ్బా మీదే రాసి ఉంటుంది, ఎవరూ చదవరు అంతే.

గుంట ఉన్నంత మేర మాత్రమే గరుకుగా చెక్కించి, సిమెంటు ఇసుక మిక్సులో లేటెక్సు (మన మేస్త్రులు కెమికల్ అంటారు) కలిపి మట్టం చేయించండి. లెవెల్ గొట్టం పట్టి చేయమనండి, కంటి అందాజా వద్దు. శ్లాబు మొత్తం మీద రెండంగుళాల కొత్త కాంక్రీటు వేసేద్దాం అంటే మాత్రం ఒప్పుకోకండి. రెండంగుళాల మందం అంటే చదరపు అడుగుకి పది కిలోల పైనే, ఆరు వందల చదరపు అడుగుల శ్లాబుకి ఆరు టన్నుల పైనే. ఇరవై ఏళ్ల కింద ఎవరు ఎంత ఇనుము వేసి కట్టారో తెలియని శ్లాబు నెత్తిన అంత బరువు పెట్టే ముందు ఒక ఇంజినీరు చూడాలి.

సిమెంటు పాలు పోయడం అని ఇంకో అలవాటు ఉంది. బస్తా సిమెంటు నీళ్లలో కలిపి శ్లాబు మీద చీపురుతో రాసేస్తారు. ఆ ఏడాది కొంచెం తగ్గినట్టే ఉంటుంది, మరుసటి ఎండాకాలానికి ఆ పలచటి పొర సన్నసన్నగా బీటలిచ్చి పొడై లేచిపోతుంది, లేచిన రజను గొట్టం మూతిలో పేరుకుంటుంది. చవక అని చేయించుకుంటారు కానీ తర్వాత అసలు కోటింగు వేయాలంటే ఈ పొరంతా గీకాలి.

గొట్టాల గురించి. నాలుగంగుళాల గొట్టం, శ్లాబుకి కనీసం రెండు. ఒకటే ఉంటే ఒక కొబ్బరి మట్టో ప్లాస్టిక్ కవరో మూతికి అడ్డం పడితే చాలు. ఆరు వందల అడుగుల శ్లాబు మీద నాలుగంగుళాల నీళ్లు నిలిస్తే అయిదున్నర టన్నుల పైన బరువు అవుతుంది, తుఫాను రాత్రి ఎవరు ఎక్కి తీస్తారు? అందుకే నేను ప్రతి ఇంటికీ ఒకటి చేయిస్తాను. పిట్టగోడలో, శ్లాబు మట్టానికి రెండంగుళాల ఎత్తులో ఒక చిన్న కన్నం, బయటికి ఒక అడుగు పైపు ముక్క. మామూలు రోజుల్లో దానికి పనిలేదు. కింది గొట్టం మూసుకుపోయిన రోజున నీళ్లు దాన్లోంచి బయటికి దూకుతాయి, అది కారడం చూస్తే కింద గొట్టం మూసుకుందని అమ్మగారికి కూడా తెలిసిపోతుంది. మూతికి జాలీ పెట్టించండి, కానీ చదునుగా ఉండేది కాదు, బుట్టలా పైకి లేచి ఉండేది. చదును జాలీ మీద ఒక్క బాదం ఆకు పడినా మూసుకుపోతుంది.

వాటర్ ట్యాంకు కూడా చూడండి. ఓవర్‌ఫ్లో పైపు శ్లాబు మీదికే వదిలేసి ఉంటే రోజూ మోటారు వేసినప్పుడల్లా అక్కడ వాన పడినట్టే లెక్క. వానాకాలం ఉరుపు అనుకునేవాటిలో కొన్ని ఏడాది పొడుగునా ఉంటాయి, ట్యాంకు కింద.

పిట్టగోడ మొదలు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, శ్లాబు ఇళ్లలో నేను చూసిన ఉరుపుల్లో ఎక్కువ భాగం అక్కడివే. శ్లాబు కాంక్రీటు, గోడ ఇటుక. పగలు ఎండకి శ్లాబు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది, పైన కూర్చున్న ఇటుక గోడ దాంతో సమానంగా కదలదు. ఏళ్ల తరబడి అలా జరిగి జరిగి రెండూ కలిసే చోట వెంట్రుక మందం పగులు ఇంటి చుట్టూ వచ్చేస్తుంది. కంటికి కనబడదు. నా దగ్గర చాలాకాలం పనిచేసిన ఒక పెద్ద మేస్త్రి పైకెక్కగానే తాపీ తిరగేసి, దాని పిడితో పిట్టగోడ అడుగంతా తడుతూ నడిచేవాడు. "ఇనబడతందా బాబూ, డొల్ల మోగతంది" అని ఆగిన చోట చెక్కితే ప్లాస్టరింగ్ అరచెయ్యంత పెచ్చుగా లేచొచ్చేది, వెనక ఇటుక తడిగా, వేలితో గీస్తే రాలేట్టు ఉండేది. మీ మేస్త్రిని కూడా అలాగే తట్టమనండి, ఆ చప్పుడు ఫోన్లో మీకూ వినిపిస్తుంది.

డొల్ల మోగినంత మేరా ప్లాస్టరింగ్ కొట్టేయాలి, గోడ మీద ఆరంగుళాలు, శ్లాబు మీద ఆరంగుళాలు. పగులు వెంట వంకీలా అరంగుళం లోతు గాటు కొట్టి, దుమ్ము ఊది, తడిపి, కెమికల్ కలిపిన మిక్సుతో నింపాలి. తర్వాత మూలలో లంబకోణంగా వదలకుండా రెండు మూడు అంగుళాల ఏటవాలుగా, కొంచెం గుండ్రంగా మలపాలి, అక్కడ నీళ్లు కూర్చోకుండా. కోటింగు వేసేటప్పుడు ఈ మూల మీద ముందు ఒక కోటు, అది తడిగా ఉండగానే ఫైబర్ మెష్ పట్టీ, దాని మీద ఇంకో కోటు. మెష్ లేకపోతే శ్లాబు కదిలినప్పుడు కోటింగు కూడా అక్కడే చిరుగుతుంది. ఈ పట్టీకి అయ్యే ఖర్చు మొత్తం బిల్లులో లెక్కలోకి రాదు, అయినా దీన్నే ఎగ్గొడతారు.

పిట్టగోడ నెత్తి కూడా చూడాలి. పైన పగిలి ఉంటే నీళ్లు గోడలోంచి దిగి కింద గదిలో తేలతాయి, మనం శ్లాబుని తిడుతుంటాం. నెత్తి వాటం లోపలి వైపుకి ఉండాలి. రావి మొక్క మొలిచి ఉంటే లాగి పారేస్తే చాలదు, వేరు లోపలే ఉండి శ్రావణానికి మళ్లీ చిగురిస్తుంది. చుట్టూ చెక్కి వేరు కనబడేంతవరకు తీయించి అప్పుడు పూడ్చాలి.

ఫ్యాను దగ్గర చుక్కలు. చుక్క పడిన చోటికి నేరుగా పైన కన్నం ఉంటుందని అనుకోకండి. శ్లాబులో కరెంటు పైపులుంటాయి కదా, పైన ఎక్కడో దిగిన నీరు ఆ పైపులో ప్రయాణం చేసి ఫ్యాను బాక్సులో దిగుతుంది. రాజాంలో ఒక ఇంట్లో ఫ్యాను కింద చుక్కలు పడుతుంటే హాలు పైభాగమంతా రెండేళ్లు వరసగా పెయింట్లు కొట్టించారు, తీరా చూస్తే నీళ్లు దిగుతున్నది అవతలి పడగ్గది మీద, ఎప్పుడో తీసేసిన డిష్ యాంటెన్నా బోల్టు కన్నాల్లోంచి. నాలుగు బోల్టు కన్నాలు పూడ్చాక ఆగిపోయింది. ఈమధ్య సోలార్ ప్యానెళ్ల స్టాండ్లకి కూడా శ్లాబులో నేరుగా డ్రిల్లు వేసేస్తున్నారు. మీరు కూడా సోలార్ పెట్టించే ఆలోచనలో ఉంటే స్టాండు కాళ్లకి కాంక్రీటు దిమ్మెలు కట్టించి, వాటర్ ప్రూఫింగ్ ఆ దిమ్మెల మీదికి ఎక్కేలా తర్వాత చేయించండి. వరస తిరగబడితే రెండోదానికి మొదటిది బలి.

ఎక్కడ దిగుతుందో పట్టుకోవాలంటే శ్లాబుని భాగాలుగా విడగొట్టి పరీక్షించాలి. బంకమట్టితో గట్టు కట్టి, ఒక భాగంలో ఒకటి రెండు అంగుళాల నీళ్లు నిలిపి, 24 గంటలు కింద చూడాలి. ఏమీ లేకపోతే పక్క భాగం. విసుగు పుట్టే పనే, కానీ మొత్తం పెయింటు కొట్టి దేవుడి మీద భారం వేయడం కన్నా చవక. కింద కమ్మీలు (లోపలి ఇనుప కడ్డీలు) బయటపడిన శ్లాబు మీద మాత్రం ఈ పరీక్ష చేయకండి.

ఈలోగా అమ్మగారికి ఒక్కటి చెప్పండి. చుక్కలు మొదలైతే ఆ ఫ్యానూ లైటూ స్విచ్చు ఆపితే చాలదు, ఆ గది ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఆ గది కరెంటు ఆపే మీట) దించేయాలి. ఏది దించాలో బోర్డు మీద మార్కరుతో పెద్ద అక్షరాలతో రాయించి పెట్టండి.

శ్లాబు అడుగు కూడా ఒకసారి టార్చి వేసి చూడమనండి. గోధుమరంగు చారలు, ఉబ్బిన ప్లాస్టరింగ్, పెచ్చులూడి కమ్మీ కనబడటం, ఇవేవైనా ఉంటే కథ వేరు. ఇనుము తుప్పు పడితే ఉన్నదానికి రెండు మూడు రెట్లు ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు ఊడి పడుతుంది. కళింగపట్నం, బారువ, భోగాపురం తీరం వైపు ఉప్పుగాలికి ఇది ఇంకా తొందరగా వస్తుంది, కట్టేటప్పుడు ఉప్పునీళ్లు వాడి ఉంటే చెప్పక్కర్లేదు. చీపురుపల్లి సముద్రానికి దూరమే కాబట్టి మీకు ఆ భయం తక్కువ. అయినా ఉంటే, వదులు కాంక్రీటు మొత్తం కొట్టేసి, కమ్మీ మెరిసేదాకా బ్రష్షు చేసి, తుప్పు ఆపే ప్రైమరు పూసి, పాలిమర్ మోర్టారుతో పూడ్చాలి. కమ్మీ సన్నబడిపోయి ఉంటే మేస్త్రి మాట సరిపోదు, స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలవండి, అప్పటిదాకా దాని కింద మంచం వేయొద్దనండి. పైన పుట్టీ పెట్టి సున్నం వేసి దాచేసేవాళ్లున్నారు, అలాంటి పని ఉచితంగా చేస్తానన్నా వద్దనండి.

ఇప్పుడు కోటింగు. స్థూలంగా మీకు రెండు దారులు. యాక్రిలిక్ పెయింటు రకం, తెల్లటిది వేస్తే ఎండని కొంత తిప్పికొడుతుంది, కింద వేడి తగ్గుతుంది, వేయడం తేలిక, కానీ శ్లాబు పూర్తిగా ఆరాలి, నీళ్లు నిలవకూడదు, కొన్నేళ్లకి మళ్లీ వేయాలి. రెండోది సిమెంటు పొడి, ద్రవం కలిపి వేసే రెండు డబ్బాల రకం. ఇది కొంచెం తేమ ఉన్నా పట్టుకుంటుంది, అరుగుదల తట్టుకుంటుంది, మీలాంటి పాత గరుకు శ్లాబుకి నేను దీన్నే ముందు వేయించి, వీలైతే పైన తెల్ల యాక్రిలిక్ వేయిస్తాను. గ్యాసు మంటతో అంటించే తారు షీట్లు, పీయూ (పాలీయురెథేన్) కోటింగులు పెద్ద భవనాలకి మంచివే, అలవాటున్న మనుషులు చేయాలి, మన పల్లెల్లో దొరకడం కష్టం, ఖర్చూ ఎక్కువ.

ఏది వేసినా మొదటి కోటు పలచగా, శ్లాబు రంధ్రాల్లోకి దిగేలా. రెండోది మొదటిదానికి అడ్డంగా, అంటే ఒకటి తూర్పు పడమరలైతే రెండోది ఉత్తర దక్షిణాలు. మధ్యలో ఎంత ఆరాలో డబ్బా మీద ఉంటుంది. మిట్టమధ్యాహ్నం వేయనివ్వకండి, రోహిణి ఎండకి శ్లాబు కాలు పెట్టనివ్వదు, ఆ వేడికి కోటింగు పట్టుకోకముందే ఎండి సూదిమొన కన్నాలు పడతాయి. పొద్దున్నే ఒక కోటు, నాలుగు దాటాక ఇంకోటి. డబ్బా మీద రాసిన కవరేజీ నున్నటి చోటుకి, గరుకు శ్లాబు ఎక్కువ తాగుతుంది. పని కాగానే ఖాళీ డబ్బాలు లెక్కపెట్టి ఫోటో తీయమనండి. రెండు కోట్లకి పట్టాల్సినదాంట్లో సగం డబ్బాలే కనబడితే మిగతా సగం నీళ్లే.

వెనక పెంకుటిల్లు. రేకులు వేసేద్దాం అనడం మేస్త్రికి సుళువు, అమ్మగారికి కాదు. ఎండాకాలం రేకుల కింద మధ్యాహ్నం కూర్చోలేరు, వాన పడితే ఫోన్లో మాట వినబడదు. గాలి సంగతి కూడా ఆలోచించండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021 సెప్టెంబరు 26న గులాబ్, ఈ తుఫాన్లన్నీ మన ఉత్తరాంధ్ర మీదే తీరం దాటాయి. తిత్లీ పలాస దగ్గర దాటినప్పుడు గాలి గంటకి 140–150 కిలోమీటర్లు. పెంకు ఎగిరితే కొన్ని పెంకులు పోతాయి, సరిగా బిగించని రేకు లేస్తే రేకే పోతుంది, పోతూ పక్కింటి మీద పడుతుంది. రేకులు వేయించక తప్పని పరిస్థితే వస్తే జె హుక్కులు (రేకుని కింది దూలానికి పట్టి ఉంచే వంపు బోల్టులు) రేకు ఉబ్బు మీదే వేయించండి, పల్లంలో వేస్తే నీళ్లన్నీ కన్నం మీదుగానే పోతాయి. తారు వాషరు తప్పనిసరి, రేకు మీద రేకు ఆరంగుళాలు తగ్గకూడదు, చూరు అంచులోనూ కొప్పు దగ్గరా హుక్కులు దగ్గరదగ్గరగా ఉండాలి, గాలి పట్టేది అక్కడే. ఇటుకలు పెట్టి ఊరుకునే పద్ధతి వద్దు.

పెంకు ఉంచేట్టయితే, మిట్టమధ్యాహ్నం తలుపులు కిటికీలు మూసి లోపల నిలబడి పైకి చూడమనండి. వెలుతురు చుక్క కనబడ్డ చోటల్లా కింద నేల మీద ఎండ చుక్క పడుతుంది, అక్కడ ముగ్గుపిండితో గుర్తు పెట్టమనండి. పైకెక్కినవాడికి ఎక్కడెక్కడ వెతకాలో ఆ గుర్తులే చెబుతాయి. నాటు పెంకులో వెల్లకిలా ఉన్నదాంట్లో నీళ్లు పారతాయి, బోర్లించింది ఆ సందులు మూస్తుంది. కోతులు గెంతినప్పుడు బోర్లించినవి జరిగిపోతాయి, పగిలేవి అవే. వెల్లకిలా ఉన్నవాటిలో మట్టి, ఆకులు పేరుకుని నీళ్లు పక్కకి పొర్లుతాయి, అవి తీసి దులిపి మళ్లీ నేయాలి. మంచి పెంకు వేలితో కొడితే ఖంగుమంటుంది, బీట ఉన్నది బొంగురుగా పలుకుతుంది. కొత్తవి దొరకడం కష్టమైపోయింది, పాత ఇళ్లు కూలుస్తున్న చోట ఒక ఆటో లోడు కొని పెరట్లో పేర్చి పెట్టుకోండి.

నేసేవాళ్లు తగ్గిపోయారు, ఉన్నవాళ్లు పెద్దవాళ్లు, రోహిణిలో అందరూ వాళ్ల కోసమే తిరుగుతుంటారు. అందుకే మీరు ముందు మాట్లాడాల్సింది పెయింటు మేస్త్రితో కాదు, వీళ్లతో. పెంకు తీసినప్పుడు వాసాలు కూడా చూడమనండి. గునపం మొన గుచ్చితే దిగబడిపోతే చెద తిన్నట్టే, ఆ వాసం మార్చాలి. వాసం కుంగితే దాని మీద పెంకు ఎన్నిసార్లు నేసినా సందు తెరుచుకుంటుంది. పెంకు కింద ప్లాస్టిక్ పట్టా పరిచేద్దాం అని కొందరంటారు. ఒక ఏడాది గండం గడుస్తుంది, ఒప్పుకుంటాను, కానీ పట్టా కింద చెమ్మ చేరి కర్ర పుచ్చుతుంది, కాబట్టి అది ఈ వానలకి మాత్రమే, దసరా తర్వాత తీయించేయాలి.

శ్లాబు గోడా పెంకూ కలిసే చోట ఇప్పుడు సిమెంటు ముద్ద పెట్టి ఉంటుంది, పందెం కాస్తాను. కర్ర మీద కూర్చున్న పెంకు కదులుతుంది, గోడ కదలదు, మధ్యలో సిమెంటు ప్రతి ఏడూ పగులుతుంది, ప్రతి ఏడూ ఇంకో ముద్ద. అది మొత్తం కొట్టేయించి జింకు రేకు వంచి వేయించండి. గోడ పెంకు వాలుకి పై అంచులో ఉంటే రేకు పెంకుల మీదికి కనీసం తొమ్మిదంగుళాలు దిగాలి. గోడ పక్క అంచులో గానీ కింది అంచులో గానీ ఉంటే కాలువలా వంచి, పెంకుల కిందికి తొమ్మిదంగుళాలు దూర్చి, నీళ్లు ఇంటి బయటికి పోయేలా వాటం పెట్టాలి. ఎటు ఉన్నా రెండో అంచు గోడలో అంగుళం లోతు గాటు కొట్టి అందులో దూర్చి పైన సీలెంటు పెట్టాలి. తగరపు పని చేసేవాళ్లు చీపురుపల్లిలోనో రాజాంలోనో దొరుకుతారు, కొలత ఇస్తే వంచి ఇస్తారు. గొట్టం తిప్పడం, ఈ రేకు వేయడం, ఈ రెండూ అయితే గోడ తడవడం ఆగాలి.

తుఫాన్ల కాలం అక్టోబరు, నవంబరు కాబట్టి దసరా ముందు ఇంకోసారి గొట్టం మూతులు తీయించండి, ఇంటి మీదికి వాలిన కొబ్బరి మట్టలు కొట్టించండి. తుఫాను హెచ్చరిక వస్తే ప్లాస్టిక్ ట్యాంకు నిండా నీళ్లు పట్టించాలి, ఖాళీ ట్యాంకు గాలికి దొర్లిపోతుంది, ఎలాగూ కరెంటు పోతే ఆ నీళ్లే దిక్కు. వాన పడుతుండగా ఎవరినీ పైకి ఎక్కనివ్వకండి, పాచి పట్టిన డాబా, పక్కనే కరెంటు తీగ, నిచ్చెన తడి.

డబ్బు గురించి అడగలేదు కానీ దూరంగా ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. మొత్తం గుత్తకి ఇవ్వకండి. గొట్టాలు, పిట్టగోడ మొదలు, పెంకు, జింకు రేకు, కోటింగు, దేనికది విడిగా రేటు రాయించుకోండి, ఏ పని అయితే దాని ఫోటో చూసి దాని డబ్బు. పెయింటు మీరే కొని పంపించండి, బిల్లు మీ పేరున ఉంటుంది. కొంత మొత్తం మాత్రం మొదటి పెద్ద వాన పడి, గోడ చెయ్యి పెట్టి చూసి పొడిగా ఉందని అమ్మగారు చెప్పాకే ఇస్తామని పని మొదలు కాకముందే మాట్లాడుకోండి. ఆ మాటకి మొహం మాడ్చుకునే మేస్త్రి అయితే ఇంకొకణ్ణి చూసుకోండి.